ఐదో అధ్యాయం, పరిమితులు

సోమవారం పదింటికి బైండింగ్.
నలభై పేజీలకి తగ్గకూడదన్నారు హేమలత మేడం.
నాకు ముప్ఫై ఒకటే వచ్చాయి,
అందులో నాలుగు స్క్రీన్‌షాట్లు,
ఒకటి కేవలం మా కాలేజీ బొమ్మ.

కాలువలు కట్టేసిన ఏప్రిల్.
అంబాజీపేట వంతెన కింద ఎండుతున్న బురద వాసన
కిటికీలోంచి వచ్చి కీబోర్డు మీద కూర్చుంది.
టెస్టులన్నీ నేను చూస్తానన్న ఆనందపాల్
బాబాయి పెళ్ళికని ముమ్మిడివరం వెళ్ళాడు,
ఫోనెత్తడు.

మేం రాసిన లైబ్రరీ పేరు కుంచం.
పుస్తకాలుండే లైబ్రరీ కాదని
ఇంట్లో మూడుసార్లు చెప్పాను.
ఇంకెవరి ప్రోగ్రామో వచ్చి తలుపు కొడితే
కొలత మార్చి చేతిలో పెట్టే సామాన్ల గది.
గిద్దెలు పోస్తే సోలలు,
సోలలు పోస్తే మానికలు,
సెంట్లిస్తే గజాలు, పుంజీలిస్తే కాయలు.
పదహారు ఫంక్షన్లు, నూట నాలుగు టెస్టులు,
అన్నిటి పక్కనా పచ్చటి టిక్కు.

"ఈ లైబ్రరీలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది"
అని రెండో అధ్యాయంలో రాసి
అక్కడితో ఇంజనీరునైపోయినట్టు
లేచి టీ పెట్టుకున్నాను.

అప్పుడొచ్చింది లారీ.
కొట్టు వెనక, రాశి దగ్గర, ఒంటి బల్బు కింద
మా మామ్మ పల్లాలమ్మ కాయలు లెక్కెడుతోంది.
ఈ చేత్తో రెండు, ఆ చేత్తో రెండు,
పుంజీకో అంకె.
ఒకటి అనదు.
లాభం, అంటుంది.
తరవాత రెండు, మూడు, గొంతు ఎత్తకుండా దించకుండా.
ఆరు తరవాత ఆరున్నొకటి.
సరుకు ముందు ఏడంటే ఏడుపు పిలిచినట్టేనట.
ఇరవై ఐదో పుంజీ పడ్డాక
ఇంకో రెండు కాయలు, అంకె లేకుండా,
మాట లేకుండా, లారీలోకి.

లోపలికొచ్చి కుంచాన్ని అడిగాను,
ఇరవై ఐదు పుంజీలు ఎన్ని కాయలని.
వంద, అంది. రెప్పపాటు కూడా పట్టలేదు.
సరైన జవాబే.
లారీలో నూటరెండున్నాయి.

"కొసరెంత వెయ్యాలి మామ్మా?"
"మనిషిని బట్టే."
"అంటే? ఒక లెక్కుండాలిగా."
"పోయినేడు బాకీ ఎగ్గొట్టినోడికి ఒక్కటి.
బేరమాడనోడికి మూడు.
ఇంట్లో పురుడొచ్చిందన్నాడనుకో,
అప్పుడు చూసుకోం."
"ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందే?"
నా వంక జాలిగా చూసింది.
"చెయ్యాగిపోద్ది కదే."

కొసరు అని ఫంక్షన్ మొదలెట్టాను.
మనిషి అని ఒక్క ఇన్‌పుట్టు ఇచ్చాను.
లోపల ఏం రాయాలో తెలీక
కర్సరు కొట్టుకుంటూ ఉండగా కరెంటు పోయింది.
ల్యాప్‌టాప్‌లో పద్దెనిమిది శాతం.
బయట చీకట్లోనూ లెక్క ఆగలేదు,
ఆరున్నొకటి, ఎనిమిది, తొమ్మిది.

ఐదో అధ్యాయం ఎలా రాయాలో
మేడం ఇచ్చిన నమూనాలో ఉంది:
సమయాభావం వల్ల కొన్ని అంశాలు చేర్చలేకపోయాం,
భవిష్యత్తులో చేర్చగలం.
మా సీనియర్లందరి రిపోర్టుల్లోనూ అదే వాక్యం,
అచ్చుతప్పుతో సహా.
అది చెరిపి రాశాను:
ఒకటికి ఇంకో పేరుందని మా లైబ్రరీకి తెలీదు.
ఏడు దగ్గర దీనికి భయం వెయ్యదు.
కొసరు ఫంక్షన్ ఖాళీగా ఉంది.
సమయం సరిపోక కాదు.

పన్నెండు శాతం.
నూట ఐదో టెస్టు కలిపాను:
ఇరవై ఐదు పుంజీలు ఈజ్ ఈక్వల్ టు నూటరెండు.
రన్ చేశాను.
నూట నాలుగు పచ్చ, చివర ఒక్క ఎరుపు,
గోరింటాకు పెట్టిన చిటికెన వేలులా.
స్క్రీన్‌షాట్ తీసి ముప్ఫై తొమ్మిదో పేజీలో అతికించాను.

తెల్లారి ఆరింటికి ఆనందపాల్ ఫోను.
వెనకాల బ్యాండు మేళం.
"ఆ ఎరుపేంటే బాబూ, వైవాలో చంపేస్తారు, తీసెయ్."
"అది మా మామ్మ రాసిన టెస్టు" అన్నాను.
"ఎవరూ? ఎవరు రాశారూ?"
డప్పుల్లో వినపడినట్టు లేదు.